మొగలిదీవిలో మొదటి పొయ్యి

ఒకానొక రాజ్యంలో రాజుగారి నవ్వంటే జనానికి హడలు. సముద్రపు ఒడ్డున ఉండే ఆ రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. ఆయనకు కోపం వస్తే కొరడా దెబ్బలతో పోయేది. నవ్వు వస్తే మాత్రం ఎవరో ఒకరు ఇంటికి తిరిగి వెళ్ళేవారు కారు. కిందటేడు ఒక మంత్రి "అవును ప్రభూ" అనాల్సిన చోట "కావచ్చు ప్రభూ" అన్నాడు. రాజు కడుపుబ్బ నవ్వాడు. ఆ సాయంత్రం మంత్రిగారి తలపాగా ఒక్కటే ఇంటికి చేరింది.

ఆ కొలువులో రంగసాని అనే ఆమె ఉండేది. తాంబూలపు పెట్టె పట్టుకుని సింహాసనం వెనక నిలబడటం ఆమె పని. మంచి మాటకారి. ఆమె మాటలంటే రాజుకు ఇష్టమే గాని, ఆ ఇష్టం ఎంతవరకో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని సరదా పడ్డదీ లేదు.

ఆ రాజ్యానికి దూరంగా, ఒడ్డు కంటికి ఆనని చోట, మొగలిదీవి ఉంది. చేపలు పట్టుకు బతికే కొద్దిపాటి జనం అక్కడ ఉన్నారు. ఉద్దండవర్మ తాతగారు ఒకప్పుడు ఓడ దారి తప్పి ఆ దీవిలో దిగారట. దిగి, సూర్యుడికి దండం పెట్టడానికి చేతులెత్తగానే వేల పక్షులు ఒక్కసారిగా లేచి ఆయన తలమీద గొడుగు పట్టాయట. ఆ పక్షుల గొడుగే వాళ్ళ వంశపు జెండా మీద గుర్తు.

అక్కడ అడుగుపెట్టిన మొట్టమొదటి మనిషి తన తాతేనని ఉద్దండవర్మ ఒక రాతిస్తంభం చెక్కించాడు. అంతటితో పోయేదే. కాని ఆస్థాన పండితుడు త్రివిక్రమ సోమయాజి ఇంకో మెట్టు పైకెక్కాడు. తాతగారికి ముందు దీవిలో ఎవరూ లేకపోతే ఇప్పుడున్నవాళ్ళు ఆయన ఓడలోంచి దింపిన నౌకర్ల సంతానమే అయ్యుండాలనీ, నౌకర్ల సంతానం రాజుగారి సొత్తనీ తేల్చాడు. కోటగోడకు రాళ్ళు కొట్టే గనిలో అప్పటికే మనుషులు చాలడం లేదు. ఆ గనిలోకి దిగినవాళ్ళు దగ్గుతూ పైకి వచ్చేవారు. కొందరు అసలు వచ్చేవారే కారు.

దీవి పెద్ద గంగులును పట్టి తెచ్చి సభలో నిలబెట్టారు. తన తాతల తాతలు ఆ ఇసుకలోనే ఉన్నారని అతను చెప్పాడు. ఇసుక మీద పేర్లు రాసి ఉన్నాయా అని సోమయాజి అడిగాడు. తరాల తరబడి తిని పారేసిన ఆల్చిప్పలు ఇంటి కప్పంత గుట్టయ్యాయని గంగులు అన్నాడు. అవి అలలు విసిరినవన్నాడు సోమయాజి. తవ్వితే పొరలు పొరలుగా బూడిద పడుతుందంటే, పిడుగులకు పడదా అన్నాడు.

"అసలు విషయం వినండి. రాజు లేని చోట ప్రజలుండరు. ప్రజలే లేని చోట మనుషులెలా ఉంటారు?" అన్నాడు సోమయాజి సభ కేసి తిరిగి.

సభంతా తలలూపింది. గంగులు మాత్రం ఊపలేదు.

రాజు తీర్పు చెప్పాడు. స్తంభం నిలబెట్టే రోజున, దీవిలో, తన జనం ఎదుట, తాము నౌకర్ల సంతానమని గంగులు తన నోటితోనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అందరూ గనికి. ఒప్పుకోకపోతే నడుముకు బండ కట్టి అతన్ని సముద్రంలోకి, మిగిలినవాళ్ళను గనికి.

స్తంభాన్ని ఎక్కించుకుని ఓడ బయలుదేరింది. గంగులును తెరచాప కొయ్యకు కట్టేశారు. రంగసాని ఎవరూ చూడకుండా మంచినీళ్ళు తీసుకెళ్ళింది. అతను ఏడవలేదు, బతిమాలలేదు. ఒక్కటే అడిగాడు.

"అమ్మా, నా మనవరాలికి ఇంకా పళ్ళు రాలేదు. గనిలో పసిపిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు?"

రంగసాని చెంబు అతని నోటికి అందిస్తూ, మాట మార్చడానికి, దూరాన కనబడే బోడిరాయి ఏమిటని అడిగింది. అది గంగమ్మ రాయని అతను చెప్పాడు. తమవాళ్ళు ఎవరూ దాని మీద దిగరట. అక్కడి పక్షుల మీద చేయెత్తరట. అందుకని అవి పడవ మీదికి వచ్చి భుజాల మీద వాలతాయట. అదే జాతి పక్షులు తమ దీవిలోనూ ఉన్నాయట. అక్కడ తల గోక్కోవడానికి చేయెత్తినా ఎగిరిపోతాయట.

రంగసాని రాయి వైపు చూసింది. తరవాత తలెత్తి జెండా వైపు చూసింది. తనకు వచ్చిన ఆలోచన ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది.

కాసేపటికి ఆమె రాజు దగ్గరికి వెళ్ళి, ఎండ ముదిరిందనీ, ఆ రాయి పక్కన ఓడ ఆపితే నీడపట్టున తాంబూలం వేసుకోవచ్చనీ విన్నవించింది. ఓడ ఆగింది. పక్షులు వచ్చి వాలాయి. ఒకటి రాజుగారి కిరీటం మీద కూర్చుంది. ఇంకొకటి సోమయాజి పిలక పట్టి లాగింది. రాజు చేయి విసిరాడు. పక్షి కదలలేదు, మెడ వంచి ఆయన ఉంగరం కేసి చూసింది.

రాజు మొహం నల్లబడింది. అప్పుడు రంగసాని మెల్లగా అడిగింది.

"సోమయాజిగారూ, మన ప్రభువు చేయెత్తితే రాజ్యమంతా వణుకుతుంది కదా. వీటికి భయం లేదేం?"

సోమయాజి గబగబా అందుకున్నాడు. "ప్రభూ, ఇది మనిషి పొయ్యి పెట్టని చోటు. మనిషి కాపురం లేని చోట పక్షికి బెదురు తెలియదు. జనం తరతరాలుగా రాళ్ళు రువ్విన చోటే అవి చేయి చూసి ఎగరడం నేర్చుకుంటాయి. భయమనేది ఒక్క రోజులో పుట్టేది కాదు."

రాజు మొహం తేటపడింది. తప్పు తన చేతిది కాదని తేలింది. వేలి ఉంగరం తీసి సోమయాజికి ఇచ్చాడు. ఇకనుంచి ఆ మాట తన మాటేనని అందరూ వినేటట్టు చెప్పాడు.

పొద్దు వాలకముందే మొగలిదీవి చేరారు. రాజు దిగి చేయెత్తగానే వేల పక్షులు గుప్పున లేచాయి. ఇసుకంతా నీడ కమ్మింది. తాతకు పట్టిన గొడుగే తనకూ పట్టాయని రాజు మురిసిపోయాడు. దీవి జనం కుండలూ వలలూ మూటలు కట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నారు. ఒకామె చంకలో పళ్ళు రాని పిల్ల తన పిడికిలి తనే చీక్కుంటోంది. గంగులును స్తంభం పక్కన నిలబెట్టి నడుముకు బండ కట్టారు.

"చెప్పు," అన్నాడు రాజు.

గంగులు పిల్ల కేసి చూశాడు. నోరు తెరిచాడు. అంతలో గలగలమని చప్పుడైంది.

"ఎవరది? ఎవరికైనా సందేహమా?"

"నా పెట్టె, ప్రభూ," అంది రంగసాని. అడకత్తెర, సున్నపుకాయ ఆమె చేతుల్లోని పెట్టెలో కొట్టుకుంటున్నాయి. "నాకే సందేహమూ లేదు. పెట్టెకే వచ్చినట్టుంది."

"ఏమంటుంది నీ పెట్టె?"

"తాతగారు దిగిన రోజున పక్షులు ఎప్పుడు లేచాయని అడుగుతోంది ప్రభూ. వెంటనేనా, కొన్నాళ్ళుండి పోయాకా?"

"జెండా కనబడటం లేదా? అడుగుపెట్టి చేయెత్తిన ఆ క్షణంలోనే."

"అంటే తాతగారి చేతిని చూసి లేచాయి," అంది ఆమె. "మనిషి పొయ్యి పెట్టని చోట పక్షికి బెదురు తెలియదన్నది ఇందాక ప్రభువులు తమ మాటగా చేసుకున్న మాట. మరి తాతగారు రాకముందు వీటికి బెదురు నేర్పింది ఎవరు ప్రభూ?"

సోమయాజి "ఆ గొడుగు కథ..." అని మొదలుపెట్టి, జెండా కేసి చూసి, మిగతాది మింగేశాడు. తరవాత తన వేలి ఉంగరం కేసి చూసుకుని ఇసుకలో కూలబడ్డాడు.

"అయితే మా తాత మొదటివాడు కాదంటావు," అన్నాడు రాజు నెమ్మదిగా.

ఆయన నెమ్మదిగా మాట్లాడితే ఎలా ఉంటుందో సింహాసనం వెనక నిలబడేదానికి తెలియనిది కాదు. అయినా ఆగడానికి ఇక చోటు లేదు.

"ఎవరూ లేని ఒడ్డుకు మొదట ఎక్కడం పీతకూ చేతనవుతుంది ప్రభూ. మనుషులున్న దీవికి దారి తప్పి వస్తే, వాళ్ళు నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, ఓడ ఎక్కించి ఉంటారు, లేకపోతే ఆయన తిరిగి వచ్చేవారా? తాతగారు రాజని వాళ్ళు చూడగానే పోల్చుకున్నారన్నమాట. ఆ స్తంభం మీద మాత్రం ఆయన్ని పీత పక్కన నిలబెట్టారు."

రాజు ఆమెను చూశాడు. పక్షులను చూశాడు. తరవాత నవ్వాడు.

భటుల చేతులు అలవాటుగా కత్తుల మీదికి పోయాయి, ఎవరి కోసమో తెలియక అక్కడే ఆగిపోయాయి. గంగులు కళ్ళు మూసుకున్నాడు. పిల్లను ఎత్తుకున్నామె రెండడుగులు వెనక్కి వేసింది. రాజు నవ్వుతూనే ఉన్నాడు.

"వాడి నడుము విప్పండి," అన్నాడు చివరికి. "ఆ స్తంభాన్ని రాసిన వైపు కిందికి పెట్టి ఒడ్డున పడుకోబెట్టండి. వీళ్ళు దానికి పడవలు కట్టుకుంటారు. ఉంగరం ఉంచుకో సోమయాజీ. గెలిచింది నీ మాటే కదా."

మూటలు విప్పిన చప్పుడు వినబడేదాకా ఎవరూ ఆ మాట నమ్మలేదు.

రాజు తన మెడలోని ముత్యాల హారం తీశాడు. రంగసాని మెడలో వేద్దామని రెండు చేతులూ పైకెత్తాడు. పక్షులు మళ్ళీ గుప్పున లేచాయి. రంగసాని కళ్ళు గట్టిగా మూసుకుని భుజాలు బిగించింది. వెనక పరివారమంతా తలలు వంచేసింది.

ఉద్దండవర్మ చేతులు గాలిలోనే ఆగాయి.

"రంగసానీ, ఇది హారం."

"తెలుసు ప్రభూ. నా మెడకు ఇంకా తెలియదు."

ఆయన మళ్ళీ నవ్వాడు గాని, ఈసారి నవ్వు చిన్నగా వచ్చి ఆగిపోయింది. చేతులు మెల్లగా దించి, హారాన్ని ఆమె తాంబూలపు పెట్టెలో పెట్టి మూత వేశాడు.

పక్షులు కిందికి దిగడానికి ఇంకా చాలాసేపు పట్టింది.