ముళ్ళపంది చెప్పిన మూడు తడులు

నల్లమద్ది కోనలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, ముళ్ళపందులు, ముంగిసలు, రామచిలుకలు, తీతువు పిట్టలు కలిసి బతికేవి. కోన నడుమ ఒక మడుగు ఉండేది. మడుగు కింది వాలులో అవన్నీ మొక్కజొన్న పండించుకునేవి. ఒక్కో కుటుంబానికి ఒక్కో చేను. అన్ని చేలకూ కలిపి ఒకటే కాలువ.

తాగడానికీ ఆ మడుగు నీళ్ళే దిక్కు. చేలకు ఎక్కువ తడులు, అంటే ఎక్కువసార్లు నీళ్ళు, పెడితే వేసవి చివర గొంతు తడుపుకోవడానికి చుక్క ఉండదు. తక్కువ పెడితే కంకుల్లో గింజ పట్టదు. అందుకే విత్తనం వేయగానే అందరూ ఒకటే అడిగేవారు.

"ఈసారి ఎన్ని తడులు పెట్టాలి? పంట ఎంత వస్తుంది?"

జవాబు చెప్పేది కంటకుడు అనే ముళ్ళపంది. అతడు తన వీపు మీది పొడవాటి ముల్లొకటి పీకి నేలలో గుచ్చేవాడు. కాసేపాగి బయటకు తీసి, దానికి తడి ఎంత లోతున అంటిందో చూసేవాడు. తర్వాత గొంతు సవరించుకుని తడుల లెక్క చెప్పేవాడు. చాలా ఏళ్ళు అతడి మాట ఇంచుమించు సరిపోయింది.

అందుకు గుర్తుగా పంటలో తొలి కంకి అతడికే ఇచ్చేవారు. పిల్లలు కేకలు వేస్తూ ఆ కంకిని అతడి బొరియ దాకా మోసుకెళ్ళేవారు. కంటకుడికి కంకి రుచి కంటే ఆ ఊరేగింపే ఇష్టం. దారిలో ఎవరెవరు నిలబడి చూస్తున్నారో ఓరకంట గమనించుకునేవాడు.

ఒక వేసవిలో అతడి లెక్క తప్పింది. నేల చెమ్మగానే ఉంది కానీ, ఆ ఏడు వడగాలులు ముందే వచ్చాయి. కంటకుడు చెప్పిన తడులు చాలలేదు. కంకులు సగం బోడిగా మిగిలాయి.

"విత్తనం మంచిది కాదు," అన్నాడు కంటకుడు.

కానీ కోన పెద్ద భల్లమ్మ అనే ముసలి ఎలుగుబంటి, కపిల అనే ముంగిసను పిలిచి మాట్లాడింది.

"ఏం చేద్దామే కపిలా? ఇంకోసారి ఇలాగైతే పిల్లలు పస్తులుంటారు."

"నాకు నేల సంగతీ తెలియదు, గాలి సంగతీ తెలియదు అవ్వా," అంది కపిల. "కానీ తెలిసినవాళ్ళు నలుగురున్నారు. కంటకం మామకు నేల తెలుసు. తీతువు పిన్నికి వాన తెలుసు. కొండముచ్చు బాబాయికి ఎండా గాలీ తెలుసు. రామచిలుకకు మొక్క ఆకు చూస్తే దాని దాహం తెలుస్తుంది. నలుగురినీ అడుగుదాం."

"నలుగురూ నాలుగు మాటలు చెబితే?"

"చెప్పనీ. వాన మీద ఆశతో పిన్ని కాస్త తగ్గించి చెబుతుంది. చిలుక మొక్క మీద జాలితో కాస్త పెంచి చెబుతుంది. రెండు మాటలూ కలిపితే ఒకరి తప్పు ఇంకొకరి తప్పును సరిచేస్తుంది. మధ్యలో ఉన్న మాట పట్టుకుందాం."

భల్లమ్మ సరేనంది.

ఈ మాట చెవిన పడగానే కంటకుడి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఆకులు కొరుక్కుతినే చిలుకా నాతో సమానం?" అన్నాడు భార్య శల్యమ్మతో.

"సమానమని ఎవరన్నారండీ? మిమ్మల్నీ అడుగుతామంటున్నారు కదా," అందామె.

"నన్నూ! ఆ 'నూ' ఎక్కడి నుంచి వచ్చింది? ఇన్నాళ్ళూ నన్నే అడిగారు."

ఆ వానకాలం పంటకు కపిల నలుగురి మాటా అడిగింది. ఒక్కొక్కరి లెక్కకూ ఒక గులకరాయి చొప్పున వరసగా పేర్చి, మధ్య మాట తీసింది. పంట చక్కగా పండింది. మడుగులో నీళ్ళూ మిగిలాయి. కోనంతా సంబరపడింది.

ఈసారి తొలి కంకిని నాలుగు ముక్కలు చేసి నలుగురికీ పంచారు. ఊరేగింపు రామచిలుక చెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగింది. పిల్లలకు చిలుక పాటలంటే ఇష్టం మరి. కంటకుడు బొరియ ముందు నిలబడి ఎదురుచూశాడు. చివరికి వాళ్ళు వచ్చి ముక్క చేతిలో పెట్టి, పరుగున మళ్ళీ చిలుక దగ్గరికే వెళ్ళిపోయారు.

శల్యమ్మ, పిల్లలు ఆ ముక్కను ఇష్టంగా తిన్నారు. కంటకుడు ఒక్క గింజ నోట్లో వేసుకున్నాడు. దాన్ని ఉమ్మేసి బొరియలోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి అతడికి కంటిమీద కునుకు లేదు. చిలుక చెట్టు కింద ఎవరు నవ్వినా తనను చూసి నవ్వినట్టే ఉండేది. కొండముచ్చును ఎవరైనా "బాబాయ్" అని పిలిస్తే, తనను "మామా" అన్నప్పటి కంటే ఆ పిలుపులో ముద్దు ఎక్కువైనట్టు తోచేది.

వేసవి పంటకు విత్తనం వేశారు. కపిల మళ్ళీ బయలుదేరింది.

తీతువు ఆరు తడులంది. కొండముచ్చు ఏడన్నాడు. రామచిలుక ఎనిమిదంది.

కంటకుడు ముల్లు గుచ్చి తీశాడు. సగానికి పైగా పొడిగా వచ్చింది. అంటే ఏడు తడులు పెట్టాలి. కొండముచ్చు చెప్పింది కూడా అదేనని కపిల నోట విన్నాడు. తనూ ఏడంటే ఏమవుతుంది? "కొండముచ్చు సరిగ్గా చెప్పాడు, కంటకుడు కూడా అదే అన్నాడు" అంటారు. మళ్ళీ ఆ 'కూడా'!

అతడి మనసులో పురుగు తొలిచింది. "లెక్క చెడాలి. పంట పోవాలి. అప్పుడు అందరూ నా కాళ్ళ దగ్గరికే వస్తారు," అనుకున్నాడు.

"మూడు తడులు చాలు," అన్నాడు పైకి.

కపిల ఆశ్చర్యపోయింది. "మామా, మీ మాట మిగతావాళ్ళకు చాలా దూరంగా ఉంది. ఇంకోసారి గుచ్చి చూస్తారా?"

"నా ముల్లు అబద్ధం చెప్పదు."

కపిల నాలుగు మాటలకూ రాళ్ళు పేర్చింది. మూడు, ఆరు, ఏడు, ఎనిమిది. మధ్యలో ఆరు, ఏడు నిలిచాయి. "మామ అంత తక్కువ చెప్పాడంటే నేలలో చెమ్మ ఉండే ఉంటుంది. తాగునీళ్ళూ చూసుకోవాలి కదా. ఆరు పెడదాం," అంది. అందరూ ఒప్పుకున్నారు.

కంటకుడు ఉలిక్కిపడ్డాడు. లెక్క పూర్తిగా చెడిపోతుందనుకుంటే ఒక్క తడి మాత్రమే తగ్గింది.

అప్పుడు భల్లమ్మ మామూలుగానే అడిగింది. "మరి నీ చేనుకు ఎన్ని పెడతావు కంటకా?"

అందరి కళ్ళూ అతడి మీదే ఉన్నాయి.

"మూడే," అన్నాడు.

ఇంటికి రాగానే శల్యమ్మ తలుపు దగ్గరే ఆపింది. "మీరు ముల్లు తీసినప్పుడు నేను చూశాను. సగం దాకా పొడి మన్నే. మూడెలా చాలుతాయి?"

"నీకు తెలియదు, ఊరుకో."

"నాకు తెలియకపోతే పోనీ. పిల్లలు తినాలి కదండీ?"

"వాన పడుతుందిలే," అన్నాడు కంటకుడు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

వాన పడలేదు. మూడు తడులయ్యాక కంటకుడు కాలువ నుంచి తన చేలోకి నీళ్ళొచ్చే గండిని మట్టితో మూసేశాడు. మొక్కలు కొసన పూత జల్లు వేశాయి. కంకుల పీచు బయటికొచ్చింది. గింజ పాలు పోసుకునే సమయం అది. కాలువ నీళ్ళు గలగలమంటూ అతడి చేను గట్టు పక్కగా పోయి పక్క చేలల్లోకి మళ్ళుతున్నాయి. అతడి మొక్కల ఆకులు మాత్రం గొట్టాల్లా చుట్టుకుపోయాయి.

ఒక మిట్టమధ్యాహ్నం కోనంతా నీడన కునుకు తీస్తుండగా, కంటకుడు గండి దగ్గరికి వెళ్ళాడు. మట్టి మీద కాలు వేశాడు. ఒక్క తాపు తంతే చాలు, నీళ్ళు వచ్చేస్తాయి.

"మామా!" అని పైనుంచి పిలుపు వినిపించింది. రామచిలుక కొమ్మ మీద కూర్చుని ఉంది.

కంటకుడు గభాలున కాలు వెనక్కి తీసుకుని వీపు గోక్కున్నాడు.

"మీ మొక్కలకు బాగా దాహంగా ఉంది మామా. ఆకులు చూడండి. ఇప్పుడైనా నీళ్ళు పెడితే గింజ పడుతుంది. గండి తీయడానికి సాయం రానా?"

చిలుక గొంతులో వెటకారం లేదు. ఆ సంగతి కంటకుడికీ తెలుసు. కానీ సరేనంటే, చిలుక చెబితే ముళ్ళపంది విన్నదనే మాట సాయంత్రానికి కోనంతా పాకుతుంది. ఆ ఊహే అతడికి నిప్పులా తగిలింది.

"నా లెక్క నాకుంది. నీ పని చూసుకో," అన్నాడు.

చిలుక ఎగిరిపోయింది. గండి మూసే ఉండిపోయింది.

కోతల రోజు వచ్చింది. అందరి కంకులూ కుప్పలు పోశారు. పంట బాగానే వచ్చింది. కానీ ప్రతి కంకికీ కొస దగ్గర కొన్ని గింజలు తాలు పోయాయి. ఇంకొక్క తడి పడి ఉంటే నిండేవి. కంటకుడి చేలో కోయడానికి గింజ పట్టిన కంకులే లేవు. పై పొరలు విప్పితే లోపల ఎండిన బెండ్లు కనిపించాయి. అతడి పిల్లలు ఒక్కొక్కటే విప్పి చూసి పక్కన పడేశారు.

కోనవాళ్ళు చుట్టూ చేరారు. ఎవరూ నవ్వలేదు.

"పాపం, కంటకం మామకు వయసు మీద పడింది," అన్నాడు కొండముచ్చు మెల్లగా. "ఆ ముల్లుకు మునుపటి పదును లేదు."

"ఔను పాపం," అంది తీతువు. "ఇక మామను ఇబ్బంది పెట్టొద్దు."

ఆ జాలి కంటకుడు తట్టుకోలేకపోయాడు. ఎండిన చేను చూసినప్పుడు లేని మంట ఇప్పుడు లేచింది.

"నా ముల్లుకేం కాలేదు!" అని అరిచాడు. "అది ఏడు తడులనే చెప్పింది! సరిగ్గా ఏడు!"

అందరూ ఒక్కసారిగా అతడి వైపు తిరిగారు. తన నోటి నుంచి ఏం జారిందో కంటకుడికి అప్పుడు తెలిసింది.

కపిల అతడి ముందుకు వచ్చి నిలబడింది. "మీరు ఏడని చెప్పి ఉంటే మధ్య మాట ఏడే అయ్యేది మామా. అందరి కంకులూ కొస దాకా నిండేవి. మీ చేనూ పండేది."

కంటకుడు తల వంచుకున్నాడు. శల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భల్లమ్మ తన కుప్పలోంచి ఒక గంపెడు కంకులు తీసి శల్యమ్మ ముందు పెట్టింది. మిగతావాళ్ళూ తలా కాసిని పోశారు.

"పిల్లలు పస్తుండకూడదు," అంది భల్లమ్మ. "ఇక నీ సంగతి కంటకా. తప్పు లెక్క ఎవరికైనా వస్తుంది. దాన్ని పక్కవాళ్ళ లెక్క సరిచేస్తుంది. కానీ నువ్వు తప్పు చెప్పలేదు, అబద్ధం చెప్పావు. ఇకముందూ నువ్వు చెప్పేది వింటాం. కానీ నీ మాట మళ్ళీ నిజమని మాకు నమ్మకం కుదిరే దాకా, నీ రాయి వరసలో వేయం."

మరుసటి పంటకు కంటకుడు ముల్లు గుచ్చి, తనకు కనిపించిన లెక్క ఉన్నదున్నట్టు చెప్పాడు. కపిల వినయంగా విని, "అలాగే మామా," అంది. తర్వాత ముగ్గురి మాటలకు మూడు రాళ్ళే పేర్చింది. కంటకుడు నాలుగో రాయి ఉండాల్సిన ఖాళీ వైపు చూస్తూ అక్కడే కూర్చున్నాడు. ముగ్గురి లెక్కలూ మొదటిసారి చివరి దాకా విన్నాడు.

నీతి: నలుగురి తెలివి కలిస్తే ఒకరి పొరపాటు సర్దుకుంటుంది, కానీ అసూయతో ఆడిన అబద్ధం అందరికీ కొంత నష్టం చేసి, ఆడినవాడిని పూర్తిగా ముంచుతుంది.