మంచులో ఎనిమిది టిక్కులు

సింహాద్రి సరిచేసిన రౌటరు మూడోసారి తిరిగొచ్చింది. దుకాణంలో బల్ల మీద పెడితే చక్కగా లేస్తుంది. కొండ మీద ఆరోగ్య కేంద్రంలో మాత్రం పొద్దున్నే మొరాయిస్తుంది. ఏం మాయో!

చింతపల్లిలో ఆ దుకాణం మస్తాన్ గారిది. సింహాద్రి ఆయన శిష్యుడు. చెయ్యి మహా చురుకు, నోరు ఇంకా చురుకు.

రౌటరులో ఫ్లాష్ అని ఓ చిన్న చిప్పు ఉంటుందండీ. కరెంటు రాగానే రౌటరు "నేనేం చెయ్యాలి?" అని దాన్నే అడుగుతుంది. అడిగాక, జవాబు వచ్చేదాకా కొన్ని టిక్కులు, అంటే దాని లోపలి గడియారం కొట్టే లిప్తలు, ఆగాలి. ఎన్ని ఆగాలో రౌటరును నడిపే ప్రోగ్రాములో, అదే ఫర్మ్‌వేరులో, ఓ అంకె రాసి ఉంటుంది. గురువుగారు ఎనిమిది పెట్టిన చోట సింహాద్రి నాలుగు పెట్టాడు. పది సెకన్లు ముందే లేస్తోందని వీధంతా చెప్పుకున్నాడు కూడాను.

ఈసారి రౌటరును దుప్పట్లో చుట్టి తెచ్చింది ఆ కొండ మీది కోసయ్యమ్మ. ఆవిడ కోడలికి నెలలు నిండాయి. రోజూ పొద్దున్నే ఆ కేంద్రంలో డాక్టరమ్మ తెర మీద ఆ పిల్లను చూసి మాట్లాడాలి. మూడు రోజులుగా ఆ మాటే లేదు.

"ఏమైంది మామ్మా? కరెంటు పోయిందా? వైరు ఎవరైనా లాగారా? పిల్లలు ముట్టుకున్నారా?" గుక్క తిప్పుకోకుండా అడిగాడు సింహాద్రి.

ఆవిడ నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది.

మస్తాన్ గారు లేచొచ్చి శిష్యుడి నోటి మీద అరచెయ్యి పెట్టారు. మెత్తగా, పసివాడికి పెట్టినట్టు. రెండో చేత్తో ఆవిడ ముందుకు టీ గ్లాసు జరిపారు.

"ఎప్పుడు ఆగుతోంది అక్కా?"

అంతే అడిగారు. గుమ్మంలోంచి మంచు లోపలికొచ్చి బల్ల కిందికి పాకింది. టీ మీద మీగడ కట్టింది. గోడమీది రౌటర్ల దీపాలు మబ్బులో మిణుగురుల్లా ఉన్నాయి.

"మంచు దిగినప్పుడే బాబూ," అంది ఆవిడ చివరికి. "చలికి అదీ తొందరగా పలకలేదు కాబోలు. ఎండొస్తే లెగుస్తంది."

చెయ్యి తీసేశారు మస్తాన్ గారు. సింహాద్రి రౌటరును వైరుతో కంప్యూటరుకు తగిలించాడు. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు చెరిపి ఎనిమిది కొట్టాడు.

రౌటరును అరుగు మీద మంచులో పెట్టి, అది చల్లబడేదాకా కూర్చున్నారు ముగ్గురూ. అప్పుడు సింహాద్రి స్విచ్చి వేశాడు.

"పది సెకన్లు ఆలస్యమవుతుంది గురువుగారూ."

"కానియ్యి."

ఒక దీపం వెలిగింది. కాసేపటికి రెండోది. ఆ తర్వాత అన్నీ.

"నా కోడలు..." అని ఆగింది కోసయ్యమ్మ.

సింహాద్రి నాలుక చివరికి నాలుగు ప్రశ్నలు వచ్చాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.