వీపు దిగిన గుండడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో తొలకరి వాన పడగానే రెండు పనులు మొదలవుతాయి. పుట్టలు మెత్తబడతాయి కాబట్టి పెద్దవాళ్ళకు చేతినిండా పని. వాగు అవతల బడి తెరుస్తారు కాబట్టి పిల్లలకు చదువు. ఈ రెండూ ఒకేసారి ఎందుకు రావాలో ఆ వాననే అడగాలి. తల్లుల్ని మాత్రం అడక్కండి, తిడతారు.

ఆ అడవిలో నీలవేణి అనే ఎలుగుబంటి ఉండేది. ఒళ్ళంతా నల్లటి జుట్టే కాబట్టి పుట్టగానే ఆ పేరు పెట్టేశారు. ఆమెకు ఇద్దరు పిల్లలు. కూతురు తేనమ్మ కిందటేడే బడిలో చేరింది. కొడుకు గుండడు ఈ ఏడే చేరాలి. వేసవి సెలవుల్లో ఇద్దరూ తునికిపండ్లు తిన్నారు, బండల మీద జారారు, ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు. "బడి తెరిస్తే తప్ప నాకు ప్రశాంతత లేదు" అని నీలవేణి రోజూ అనేది. లోపల మాత్రం గుండడి గురించి బెంగే.

ఎందుకంటే వాడు నడిచింది తక్కువ. ఎలుగుబంట్ల ఇళ్ళలో అదే అలవాటు. పిల్లలు తల్లి వీపు మీద జుట్టు పట్టుకుని కూర్చుంటారు, తల్లి ఎక్కడికి పోతే అక్కడికి పోతారు. తేనమ్మ తనంతట తనే దిగేసింది. గుండడికి ఆ తొందర లేదు. దించే తొందర నీలవేణికీ లేదు.

బడి తాబేలు మేష్టారిది. ఆయన ఏనాడూ బడికి ఆలస్యంగా రాలేదు. ముందురోజు సాయంత్రమే బయల్దేరేవారు మరి. ఆ బడిలో హాజరు పట్టే పద్ధతి వేరు. పేర్లు పిలవరు. మేష్టారు అన్ని పేర్లూ పిలిచేసరికి మధ్యాహ్నం అయిపోతుంది. అందుకని బడి ముందు బంకమట్టి పరిచి ఉంచేవారు. పిల్లలు ఆ మట్టిలో అడుగేసి లోపలికి పోవాలి. మేష్టారు తీరిగ్గా అడుగులు చూసుకుని ఎవరొచ్చారో, ఎవరు మానేశారో తెలుసుకునేవారు.

బడి తెరిచిన రోజు వడ్రంగిపిట్ట గంట కొట్టింది. అంటే బోలు చెట్టు మీద ముక్కుతో టకటకా పొడిచింది. నీలవేణి గుండణ్ణి వీపుకెక్కించుకుని బయల్దేరింది. తేనమ్మ పక్కన నడిచింది. వాగు దాటగానే పక్కింటి ముళ్ళపంది సూదమ్మ కలిసింది. ఆమె వెనకాల పిల్లలు వరసగా నడుస్తున్నారు.

"ఏం వదినా, ఎలా ఉన్నారు?" అంది సూదమ్మ.

"బాగానే ఉన్నాం వదినా. తేనమ్మకి రెండో తరగతి. వీడికి మొదటి రోజు. పొద్దున్నే లేపడం, ఒళ్ళు నాకి శుభ్రం చేయడం, నేరేడుపండ్లు ఆకులో చుట్టి ఇవ్వడం, బడిలో దింపి మళ్ళీ కొండమీద పుట్టల పనికి పరుగెత్తడం. కూర్చునే తీరిక లేదనుకో" అంది నీలవేణి.

"గుండణ్ణి మా పిల్లల వెంట పంపు. నీకు ఒక పని తగ్గుతుంది."

"వద్దులే వదినా. వాడికి వాగంటే భయం."

నిజానికి గుండడు వాగును ఇంకా చూడనేలేదు. అమ్మ వీపు మీద నిద్రపోతూనే దాటేశాడు. ఆ భయం ఎవరిదో సూదమ్మకు అర్థమైంది గానీ పైకి అనలేదు. "నాకైతే ఆ గొడవే లేదు. ఎత్తుకుందామన్నా నా వీపు మీద ఎవరు కూర్చుంటారు?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నీలవేణి బడి ముందు మట్టి తొక్కుకుంటూ లోపలికి వెళ్ళి, గుండణ్ణి చాప మీద దింపి, కొండకు పరుగెత్తింది.

అక్కడ ఆమెతో పాటు పనిచేసే అలుగత్త పుట్ట పక్కన కూర్చుని ఉంది. అలుగంటే ఒళ్ళంతా పెంకులున్న జంతువు, పుట్టలోకి బారెడు నాలుక పెట్టి చెదపురుగుల్ని లాగుతుంది. నీలవేణి గోళ్ళతో పుట్ట పగలగొట్టాలి, అలుగత్త లాగాలి, ఇద్దరూ పంచుకోవాలి. అదీ వాళ్ళ ఒప్పందం.

"అమ్మాయ్, ఎండెక్కింది. పురుగులన్నీ లోపలికి దిగిపోయాయి. నీకోసం ఆగమని వాటికి చెప్పనా?" అంది అలుగత్త.

"రేపు తొందరగా వస్తానత్తా" అంది నీలవేణి.

మర్నాడూ ఆలస్యమే. ఆ మర్నాడూ అంతే. వాళ్ళకు దొరికేది రోజురోజుకూ తగ్గిపోయింది. నీలవేణి తన వాటా కూడా పిల్లలకే పెట్టి, ఆకలిగా లేదని చెప్పి పడుకునేది. అమ్మలు చెప్పే అబద్ధాల్లో ఇది చాలా పాతది.

ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకురావడానికి వెళితే తాబేలు మేష్టారు ఆమెను ఆపారు.

"అమ్మా నీలవేణీ, నీ హాజరు చాలా బాగుంది. ఒక్కరోజు కూడా మానలేదు. మీ అబ్బాయే ఇంతవరకూ బడికి రాలేదు" అన్నారు.

"అదేంటి మేష్టారూ, లోపలే కూర్చున్నాడు కదా."

"కూర్చున్నాడు, నేనూ చూస్తున్నాను. కానీ మట్టిలో వాడి అడుగు లేదు. చూడమ్మా, పున్నమి దాటాక వాగు పొంగే రోజులొస్తాయి. నీళ్ళు పెరగకముందే బడి వదిలేస్తాను. అప్పుడు నువ్వు కొండమీద పనిలో ఉంటావు. దారి తెలిసిన పిల్లలు ఇల్లు చేరతారు. తెలియని పిల్లవాణ్ణి నేనేం చేయను? పున్నమిలోగా వాడి అడుగు పడకపోతే ఈ ఏడు ఇంట్లోనే ఉంచుకో. వచ్చే తొలకరికి చూద్దాం."

నీలవేణికి ఒళ్ళు మండింది. దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. "ఇంత దూరం మోసుకొస్తే మెచ్చుకోకపోగా బడి మాన్పిస్తారట. ఆయన ఇంటిని ఆయనే మోసుకు తిరగడం లేదూ? నేను నా కొడుకును మోస్తే తప్పొచ్చింది."

తేనమ్మ కాసేపు విని మెల్లగా అంది. "అమ్మా, తమ్ముడు బడిలో ఆటలకి కూడా లేవడు. ఎవరైనా వచ్చి ఎత్తుకుంటారేమోనని చూస్తూ కూర్చుంటాడు. ఎవరూ ఎత్తుకోరు. అందరూ ఆడుకుని వచ్చేస్తారు."

నీలవేణి కోపం ఎటు పోయిందో పోయింది. వాడు అలా కూర్చుని ఎదురుచూడటం కళ్ళకు కట్టినట్టయింది. వీపు మీద వాడు హాయిగా నిద్రపోతున్నాడు.

మర్నాడు పొద్దున్నే నీలవేణి ఒక ఉపాయం చేసింది. చెట్టుకు వీపు ఆనించి గట్టిగా కూర్చుంది. గుండడు ఎక్కడానికి వచ్చాడు. వీపు కనబడలేదు. చెట్టు చుట్టూ తిరిగి వచ్చాడు. అప్పుడూ కనబడలేదు.

"అమ్మా, వీపేదీ?"

"ఈరోజు నడిచి పోవాలి నాన్నా."

"నాకు కాళ్ళు నొప్పి."

"ఇంకా నడవలేదు కదరా."

గుండడు ఏడ్చాడు. కింద పడి దొర్లాడు. తల్లి వంక ఓరగా చూసి ఇంకాస్త దొర్లాడు. ఇంతలో ముళ్ళపంది పిల్లలు వరసగా వచ్చారు. వాళ్ళ వెనక సూదమ్మ. ఆమె తన పిల్లల్ని కొంచెం జరగమని వరసలో ఖాళీ చేయించింది. తేనమ్మ తమ్ముడి చెయ్యి పట్టి ఆ ఖాళీలో నిలబెట్టింది.

"నువ్వు రావా అమ్మా?" అన్నాడు గుండడు.

"వాగు దాకా వెనకే వస్తాను. అక్కణ్ణుంచి పనికి పోతాను."

గుండడు ముందున్న ముళ్ళపంది పిల్లకు అంటుకుని నడవబోయాడు. ముక్కుకు ముల్లు గుచ్చుకుంది. ఇంకెవరినీ అంటుకోకుండా తన నడక తను నడిచాడు. వాగులో రాయి మీద కాలు జారి నీళ్ళలో చతికిలబడ్డాడు. గట్టు మీద నీలవేణి ఒక అడుగు ముందుకు వేసింది. వేసి, ఆగిపోయింది. నీళ్ళు వాడి పొట్ట దాకానే ఉన్నాయి. గుండడు ఏడుద్దామా అని కాస్త ఆలోచించాడు. తర్వాత తనే లేచాడు, ఒళ్ళు దులుపుకున్నాడు, అవతలి గట్టెక్కి పోయాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

నీలవేణికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు రెండూ చేసి పనికి పోయింది.

ఆ రోజు ఆమె తొందరగా చేరేసరికి మట్టి ఇంకా చల్లగా ఉంది. ఒక్కో దెబ్బకు ఒక్కో పుట్ట విచ్చుకుంది. అలుగత్త కడుపునిండా తిని కుదురుగా కూర్చుంది.

"వీపు తేలిగ్గా ఉన్నట్టుందే" అంది.

"వెలితిగా ఉందత్తా" అంది నీలవేణి.

"ఉంటుంది. మా పిల్లలు నా తోక మీద కూర్చుని ఊరేగేవాళ్ళు. వాళ్ళు దిగిపోయాక కొన్నాళ్ళు ఊరికే వెనక్కి చూసుకునేదాన్ని" అంది అలుగత్త. అని తన వాటాలోంచి కొంచెం నీలవేణి ముందుకు జరిపింది. "ఇది నువ్వు తిను. పిల్లలకు సరిపడా ఉంది."

సాయంత్రం బడి దగ్గర తాబేలు మేష్టారు ఎదురుచూస్తున్నారు.

"ఈరోజు నువ్వు రాలేదమ్మా. మీ అబ్బాయి వచ్చాడు" అన్నారు.

నీలవేణి ఆయనకు దణ్ణం పెట్టింది. గుండడు బయటికొచ్చి అమ్మ వీపు వంక ఒకసారి చూశాడు. ఎక్కితే ఎక్కనిచ్చేదే, ఆమె మనసు అంత గట్టిదేం కాదు. కానీ వాడికి చెప్పాల్సిన కబుర్లు చాలా ఉన్నాయి. అమ్మకు ఎదురుగా వచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తూ మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆటలో నేను పరుగెత్తానా, అప్పుడొక కప్ప వచ్చిందా, అది నన్ను చూసి ఇలా చేసింది" అంటూ బుగ్గలు పూరించి కళ్ళు ఇంతవి చేశాడు.

నీలవేణి నడక ఆపేసింది. ఇన్నాళ్ళూ వాడి కబుర్లన్నీ ఆమె వీపు మీంచే వింది. కబుర్లు చెప్పేటప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో ఈరోజే చూసింది. ఎంత ముద్దుగా ఉన్నాడు వీడు, అనుకుంది.

"మళ్ళీ చెప్పు నాన్నా. ఆ కప్ప ఎలా చేసింది?" అని అడిగింది.

నీతి: ప్రేమ కొద్దీ పిల్లల పని కూడా మనమే చేసేస్తే, వాళ్ళు నేర్చుకోరు, వాళ్ళు ఎదగడం మనమూ చూడలేం.