కొన్నవాడికేం తెలుసు!

ఒక కొండరాజ్యంలో కొత్త కోట కడుతున్న రోజుల్లో, దానికి కావలసిన కలపంతా వరదప్ప అనే వర్తకుడే తెచ్చేవాడు. ఆ కలప కోసం పక్షిగూళ్లనీ, తేనెపట్లనీ చూడకుండా అడవిలో చెట్లన్నీ నరికేస్తున్నారు. తేనె తీసి బతికే గురవి ఓపిక పట్టలేక వెళ్లి రాజుగారికి మొరపెట్టుకుంది.

"నేను గొడ్డలి పట్టిందే లేదు ప్రభూ! సంతలో దుంగలు కొంటాను. అమ్మినవాడు ఎక్కడ నరికాడో కొన్నవాడికేం తెలుసు?" అన్నాడు వరదప్ప.

రాజుగారికి అదీ నిజమేననిపించింది. గురవి ఇంటికెళ్లింది.

మర్నాడు ఆమె నెత్తిన ఒక ఉయ్యాలబల్ల పెట్టుకుని సభకు వచ్చింది. చూడగానే వరదప్ప ఎగిరిపడ్డాడు.

"అది మా ఇంటి బల్ల! పొద్దున్నుంచీ వెతుకుతున్నాం!"

"మా మరిది అమ్మాడు, నేను కొన్నాను. వాడెక్కణ్ణుంచి తెచ్చాడో నాకేం తెలుసు బాబూ?" అంది గురవి.

"అడగొద్దూ? దొంగసొత్తు కొన్నవాళ్లూ దొంగలే!"

"తీర్పు ఆయనే చెప్పారు ప్రభూ," అంటూ గురవి బల్ల దించి వరదప్ప ముందు పెట్టింది.

రాజుగారు పగలబడి నవ్వారు. ఇకమీదట ఏ చెట్టయినా నరకకముందే వరదప్ప స్వయంగా వెళ్లి, దానిమీద ఏ ప్రాణీ కాపురం లేదని చూసి రావాలని ఆజ్ఞాపించారు.

మొదటిరోజే వరదప్ప వాచి గుమ్మడికాయంతయిన మొహంతో తిరిగొచ్చాడు.

"ఆ చెట్టు వద్దు ప్రభూ," అన్నాడు మూలుగుతూ. "దానిమీద చాలా పెద్ద సంసారం ఉంది."