నల్లమద్ది అడవిలో తోకల పొద్దు

నల్లమద్ది అడవిలో ఏనుగులు, అడవిపందులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. వాటన్నిటికీ పెద్దదిక్కు ముత్యాలవ్వ అనే ముసలి ఏనుగు. అబ్బో, ఆ అడవి సందడి చూసి తీరాలి పిల్లలూ! తెల్లారితే చాలు, ఒక్కరు కూడా ఇంటిపట్టున దొరికేవారు కాదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎండాకాలం ఇంకా మొదలు కాకముందే ఒక ఉదయం అందరూ వాగు ఒడ్డున చేరేవారు. ముత్యాలవ్వ తొండమెత్తి, "రేపు లేవగానే ఎవరెవరికి పనుంది?" అని అడిగేది. పని ఉన్నవాళ్ళు తోక పైకెత్తాలి. ఎలుగుబంటి తోక ఎత్తినా ఎవరికీ కనపడదు. అందుకని పాపం, అది రెండు చేతులూ ఎత్తేది. అవ్వ ఒక్కొక్క తోకనూ లెక్కపెట్టేది. ఆ రోజుకు తోకల పొద్దు అని పేరు.

ఆ ఏడాది వాగు ఒడ్డంతా తోకలే! దించి ఉన్న తోక కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అవ్వ సంబరం ఇంతా అంతా కాదు.

నీలాంబరం అనే నెమలి మాత్రం పింఛమంతా విప్పుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

"రేపు నీకేం పనయ్యా?" అని అడిగింది అవ్వ.

"నా అందం నేను చూసుకోవడానికే పొద్దు చాలదు అవ్వా!"

"అయితే దించెయ్యి నాయనా. ఊరికే ఎత్తిన తోక నా లెక్కలోకి రాదు."

అందరూ ఫక్కున నవ్వారు. నీలాంబరం మొహం మాడిపోయింది.

సరిగ్గా అప్పుడే సోమక్క అనే దుప్పి తన పిల్లను వెంటబెట్టుకుని అక్కడికి వచ్చింది. వాళ్ళ అడవి నిప్పంటుకుని కాలిపోయింది. పిల్ల కాళ్ళు వణుకుతున్నాయి. ఎండలు ముదిరేలోపు మంచి చోటు చూసుకోకపోతే ఆ పిల్ల దక్కదు. ఆ సంగతి తల్లికి బాగా తెలుసు.

నీలాంబరం గబగబా ఆమె దగ్గరికి వెళ్ళాడు. "ఇక్కడ ఉండకు తల్లీ. పక్కనే రేలగుట్ట అడవి ఉంది. అక్కడ నక్కదొర గుహ నిండా ఇప్పపువ్వు, రేగుపళ్ళు గుట్టగా పోసి ఉన్నాయి. ఎవరూ ఏ పనీ చెయ్యరు. మహారాజుల్లా తిని పడుకుంటారు. ఇక్కడేముంది? ఒక్క కుప్ప చూపించమను చూద్దాం! తోకలు చూస్తే కడుపు నిండుతుందా?"

సోమక్క చుట్టూ చూసింది. నిజమే, ఎక్కడా ఒక్క కుప్ప కూడా లేదు. పిల్లేమో ఆకలితో అల్లాడుతోంది. ఆమె మనసు రేలగుట్ట వైపు లాగింది.

ఇంతలో బొద్దయ్య అనే అడవిపంది ఎదురొచ్చాడు. "అమ్మా, నీకు ఏం పని వచ్చు?" అని అడిగాడు.

సోమక్క తెల్లబోయింది. దారి పొడవునా అందరూ ఆమెను 'ఎందుకొచ్చావు?' అనే అడిగారు మరి!

"వాసన పట్టడం వచ్చు. పులి పొదల్లో దాక్కున్నా నా ముక్కుకు తెలిసిపోతుంది" అంది.

"అయితే మాతో వచ్చెయ్యి! మేం తల దించి దుంపలు తవ్వుతుంటే ఎవరొచ్చేదీ తెలియదు. నువ్వు కాపలా ఉండు. దుంపల్లో నీ భాగం నీకిస్తాను."

చెట్టు మీద నుంచి వీరన్న అనే కొండముచ్చు కేకేశాడు. "ఆగవయ్యా బొద్దయ్యా! సోమక్కా, మాకు కళ్ళు చురుకే గానీ ముక్కు సున్నా. నువ్వు మా చెట్టు కింద ఉండు. మేం లేత చిగుళ్ళు రాలుస్తాం. వాసన తగిలితే నువ్వు చెప్పు, కంట పడితే మేం చెబుతాం."

"నీ భాగం రెట్టింపు చేస్తానమ్మా!" అన్నాడు బొద్దయ్య కంగారుగా.

సోమక్క తన పిల్ల వైపు చూసింది. "ఏమీ అనుకోకు అన్నా. నా బిడ్డ లేత చిగుళ్ళే నమలగలదు. నేను వీరన్న దగ్గరికే వెళ్తాను."

బొద్దయ్యకు ఒళ్ళు మండిపోయింది. "చూశావా అవ్వా! ఎవర్ని పిలిచినా పనుందంటారు. బతిమాలినా ఒక్కరు రారు. ఏం అడవి ఇది!"

ముత్యాలవ్వ ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. "నీ సణుగుడు వింటుంటే నా చెవులకు ఎంత హాయిగా ఉందో! నా చిన్నప్పుడు అందరూ పని కోసం మీ తాత దుంపలు తవ్వే గుంట ముందు పడిగాపులు కాసేవారు. ఇవాళ నువ్వే వాళ్ళ వెంటపడుతున్నావు. మన అడవి బాగుపడిందిరా బొద్దయ్యా!"

"కానీ అవ్వా, ఒక్క కుప్ప కూడా లేదు కదా! ఎండాకాలం ఎలా గడుస్తుంది?" అంది సోమక్క భయంగా.

"చూడమ్మా, వడ్రంగిపిట్ట తొర్ర తొలిస్తే అందులో చిలక కాపురం పెడుతుంది. ఆ చిలక కొరికి పడేసిన పండు కుందేలు తింటుంది. ఒకరికి పనుందంటే ఆ పని కావలసినవాళ్ళు ఇంకొకరు ఉన్నట్టే కదా! ఇన్ని తోకలు లేచాయంటే ఇంతమంది ఒకరికొకరు కావాలన్నమాట. నాకు ఆ ధైర్యం చాలు."

నీలాంబరం మూతి తిప్పుకుని ఒక్కడే రేలగుట్టకు వెళ్ళిపోయాడు.

ఎండలు వచ్చాయి. అవేం ఎండలు! వాగు ఎండిపోయింది. ఏనుగులు ఇసుకలో చెలమలు తవ్వాయి. అడవిపందులు వాటిని లోతు చేశాయి. పిట్టలతో సహా అందరికీ నీళ్ళు దొరికాయి. ఒకనాడు చిరుతపులి పొదల్లో పొంచి ఉంటే సోమక్క వాసన పట్టి కూత పెట్టింది. కొండముచ్చులు కేకలేశాయి. అందరూ తప్పించుకున్నారు. చిగుళ్ళు తిని సోమక్క పిల్ల కాళ్ళకు బలమొచ్చింది. చెంగుచెంగున గెంతుతున్న బిడ్డను చూసుకుని ఆ తల్లి ఆనందంతో ఏడ్చేసింది.

మరి రేలగుట్టలో? గుట్టంత కుప్పకు పురుగు పట్టింది. ఎండలో ఆరబోస్తే నిలిచేదే. "అది నా పనా?" అన్నారు ప్రతి ఒక్కరూ. నీటిగుంట పూడిపోయింది. "తవ్వడం నా పనా?" అన్నారు. తిండి తరిగేసరికి అందరి కళ్ళూ కొత్తగా వచ్చిన నీలాంబరం మీద పడ్డాయి.

"మనకే లేదు, మధ్యలో వీడొకడా!" అని నక్కదొర మీదికి దూకాడు. అందరూ కలిసి ఈకలు పీకి తరిమేశారు.

బోడితోకతో నీలాంబరం నల్లమద్ది పొలిమేరకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి అడుగు పడలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? 'ఎందుకొచ్చావు?' అంటారని భయం.

అతన్ని మొదట చూసింది సోమక్క పిల్ల. దగ్గరికి వచ్చి, "మామా, నీకు ఏం పని వచ్చు?" అని అడిగింది.

నీలాంబరం బోడితోక ముడుచుకున్నాడు. "ఏమీ రాదమ్మా. అరవడం ఒక్కటే వచ్చు. నేనరిస్తే అడవంతా వినిపిస్తుంది."

పొదలో నుంచి బొద్దయ్య ఒక్క ఉదుటున బయటికొచ్చాడు. "నాకు కావలసింది అదేనయ్యా! నువ్వు చెట్టెక్కి కాపలా కాయి. ఏదైనా కనపడితే గట్టిగా అరువు. వీరన్న చూడకముందే పద పద!"

మళ్ళీ తోకల పొద్దు వచ్చింది. నీలాంబరానికి ఈకలు ఇంకా అరకొరగానే ఉన్నాయి. ఈసారి అందరికంటే వెనక నిలబడి, సిగ్గుపడుతూ ఆ బోడితోకే పైకెత్తాడు.

"అవ్వా, నాది లెక్కలోకి వచ్చిందా?"

"నీ తోకతోనే మొదలుపెట్టాను నాయనా" అంది ముత్యాలవ్వ.

నీతి: పొద్దున్నే పనికి బయల్దేరేవాళ్ళు ఎంత ఎక్కువమంది ఉంటే, ఆ దేశం అంత గట్టిది.