రాజుగారికి జరీ చిక్కం

చెరకుతోటలకు పేరుపడ్డ ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలుతుండేవాడు. రాజ్యానికి సొంత బెల్లం గానుగలుండేవి. కూలివాళ్ళు పని మధ్యలో కాస్త చెరకురసం తాగుతున్నారని తెలిసి రాజుగారికి నిద్ర పట్టలేదు. కళ్ళంలో తిరిగే ఎద్దులు గడ్డి తినకుండా మూతికి చిక్కం కట్టినట్టు, వాళ్ళందరి మూతులకూ తాటినార చిక్కాలు కట్టించాడు.

ఆస్థానంలో మాచన అనే హాస్యగాడు ఉండేవాడు. ఒకనాడు అటుగా పోతూ ఆ మూతులు చూసి ఆగిపోయాడు. పొయ్యి దగ్గర పాకం కలుపుతున్న పోలమ్మ చిక్కం కాస్త పైకి జరిపింది.

"రసం లేకపోతే మానె బాబూ. ఈ సెగలో గుక్కెడు నీళ్ళు తాగాలన్నా కావలివాణ్ణి బతిమాలుకోవాలి."

మాచనకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు రాజుగారి పుట్టినరోజు విందు. బంగారు పళ్ళెంలో పొగలు కక్కుతున్న బూరెలు వడ్డించారు. రాజు చెయ్యి చాపబోతుండగా మాచన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న సందేహం. ఈ రాజ్యంలో అందరికన్నా ఎక్కువ కష్టపడే పనివాడెవరు?"

ఉద్దండవర్మ మీసం దువ్వాడు. "ఇంకెవరు, నేనే. రాజ్యం కోసం అరిగిపోతున్నాను."

మంత్రులంతా తలలూపారు.

"మరి ఈ బూరెల్లో బెల్లం తమరిదేనా?"

"నాదంటూ ఏముందోయ్. అంతా రాజ్యానిదే."

మాచన ఉత్తరీయం మడతలోంచి జరీతో అల్లిన చిక్కం ఒకటి తీశాడు.

"అయితే ముందు ఇది కట్టించుకోండి ప్రభూ. రాజ్యం సొత్తు ముట్టుకునే పనివాడికి చిక్కం ఉండాలని తమరి ఆజ్ఞే కదా. పెద్ద పనివారని జరీతో అల్లించాను."

తమకూ తెచ్చాడేమోనని మంత్రులు పళ్ళేల మీంచి చేతులు తీసేశారు.

రాజు ఏమనుకున్నాడో, చిక్కం మూతికి పెట్టుకుని చూశాడు. ఊపిరి సలపలేదు. బూరెల వాసన మాత్రం ముక్కుకు తగులుతూనే ఉంది. తీసి చేతిలో తిప్పుతూ అడిగాడు.

"వాళ్ళు రోజంతా ఇలాగేనా?"

"పొయ్యి సెగలో, ప్రభూ. గుక్కెడు నీళ్ళకూ కావలివాణ్ణి బతిమాలుకుంటూ."

రాజు ఆ చిక్కంతోనే విందు వదిలేసి లేచాడు. మాచన వెంట నడిచాడు. గానుగల దగ్గరికి పోయి పోలమ్మ చిక్కం తన చేతులతోనే విప్పాడు.

"తప్పు నాదమ్మా. ఇక ఎవరికీ ఇవి వద్దు. దాహమైనప్పుడల్లా రసం తాగండి."

పోలమ్మ ఆకుదొన్నె నిండా రసం పోసి ఆయనకే ముందు అందించింది. ఆయన చేతిలో మెరుస్తున్న జరీ చిక్కాన్ని వింతగా చూసి, "ఇది తమరికా దొరా? తాగాక కట్టమంటారా, ముందేనా?" అంది.

దొన్నెలో రసం ఒలికిపోయేలా నవ్వాడు ఉద్దండవర్మ. నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు.

మాచన హారం సర్దుకుని, పోలమ్మ ముందు తానూ ఒక దొన్నె చాపాడు.