చువ్వకి ఎక్కని ఉత్తరాలు

కామేశం మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. కాలేజీలో ముప్పై ఏళ్ళు వాణిజ్యశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఆత్రేయపురంలో తన ఇంటి వరండాలో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి లెక్కలు రాయడం, ఉత్తరాలు రాయడం నేర్పుతున్నారు. అక్కడ కూర్చుని నేర్చుకునేది తక్కువ, నడిచి నేర్చుకునేది ఎక్కువ. బేరం గురించి అడిగినవాణ్ణి చేపల సంతకి తీసుకెళతారు. సరుకు నిల్వ గురించి అడిగినవాణ్ణి బియ్యం మిల్లుకి తీసుకెళతారు. చూడవలసింది చూపించి, తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాట అంటారు. ఆ ఒక్క మాట కోసమే శిష్యులు ఆయన వెనక ఎండలో పడి నడుస్తారు.

ఆ గురువారం భోజనాలయ్యాక ప్రశ్న అడిగింది నూకరత్నం. ఆవిడ అదే ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళని పెట్టుకుని పూతరేకులు చేయించి అమ్ముతుంది. ఆవిడ సరుకుకి వంక పెట్టినవాళ్ళు లేరు. గిరాకీకి లోటు లేదు. లోటల్లా డబ్బు పెట్టెలోనే. బియ్యం, బెల్లం, నెయ్యి రొక్కం పోసి కొనాలి. కుండ సెగ దగ్గర కూర్చుని రేకులు తీసేవాళ్ళకి శనివారం శనివారం కూలి ఇవ్వాలి. అమ్మిన సరుకు డబ్బు మాత్రం ఎప్పుడు వస్తుందో ఆ దేవుడికే తెలియాలి. రాజమండ్రిలో మిఠాయి దుకాణం నడిపే సత్తిరాజు గారు మూడు నెలలుగా సరుకు తెప్పించుకుంటున్నారు, ఇంతవరకు పైసా పంపలేదు. ఇప్పుడు రెండు వేల పూతరేకులకి పెళ్ళి ఆర్డరు వచ్చింది. మర్నాటికల్లా నెయ్యి కొనకపోతే ఆ ఆర్డరు వదులుకోవాలి. నెయ్యి వ్యాపారేమో అప్పు అన్న మాట చెవిన పడితే చాలు, డబ్బా మూత బిగించేసే రకం.

"లాభం పుస్తకంలో ఉందమ్మాయ్, బాగానే ఉంది. పుస్తకం చూపిస్తే నెయ్యి ఇవ్వరు కదా. సత్తిరాజు గారికి రాశావా?" అన్నారు మాస్టారు.

"మూడు ఉత్తరాలు రాశానండి."

"ఇంకోటి రాయి. ఎంత రావాలో, ఎప్పటికి కావాలో రాయి."

నూకరత్నం చెవులు రెండూ పట్టుకుంది. "డబ్బు మాట అలా నిలువునా రాసేస్తే మర్యాద పోదూ, మాస్టారూ?"

ఆవిడ భయం ఉత్తినే పుట్టింది కాదు. ఆవిడ తల్లి పూతరేకులు చేసే రోజుల్లో నోరు విప్పి ధర చెప్పి ఎరగదు. సరుకు అరిటాకులో చుట్టి చేతికిచ్చేది. కొన్నవాళ్ళు వెళ్ళేటప్పుడు గోడ గూట్లో తమకి తోచింది పెట్టి వెళ్ళేవారు. ఇచ్చినవాళ్ళూ లెక్క పెట్టలేదు, పుచ్చుకున్నావిడా పెట్టలేదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల నోట ధర ఒక పట్టాన వస్తుందా?

మాస్టారు లేచారు. చెప్పులు తొడుక్కున్నారు.

ఇద్దరూ బస్సెక్కి రాజమండ్రిలో దిగి, దుకాణం మెట్లెక్కేసరికి మూడు దాటింది. దారి పొడుగునా నూకరత్నానికి ఒకటే ఆలోచన. మర్యాదగా రాస్తేనే ఇవ్వని మనిషి, ఇంటి మీదికి వచ్చి అడిగితే ఊరుకుంటాడా? రేపటినించి సరుకే వద్దంటే?

సత్తిరాజు గారు ఆవిణ్ణి చూస్తూనే గల్లాపెట్టె దగ్గర్నించి లేచి ఎదురొచ్చారు. "రండి రండి, రత్నం గారూ! నూరేళ్ళు మీకు. ఈ నెల మీ ఉత్తరం రాలేదేంటని మా అమ్మ పొద్దున్నే నన్ను పీకి పాకం పెట్టింది."

"అమ్మగారా?" అంది నూకరత్నం.

"ఆవిడేనండి. 'గోదారి ఎర్రబడింది, మా లంకల్లో అరటి గెలలు అత్తారింటికెళ్ళే పిల్లల్లా తలలు వంచుకున్నాయి' అని రాశారు చూశారూ, అది నా చేత నాలుగుసార్లు చదివించుకుంది. మూడు ఉత్తరాలూ దేవుడి గూట్లో దాచింది. ఉత్తరమంటే అలా ఉండాలండి. ఈ రోజుల్లో ఎవరు రాస్తున్నారు?"

నూకరత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాస్టారు నింపాదిగా బెంచీ మీద కూర్చుని, "ఆ ఉత్తరాల్లో ఈవిడ మిమ్మల్ని ఏమడిగిందండి?" అన్నారు.

"ఏమీ అడగలేదండి! అదే కదా ఆవిడ గొప్ప. మా అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగారు." సత్తిరాజు గారికి ఏదో గుర్తొచ్చింది. "ఆ, అడుగున ఒక ముక్క ఉంది. మన లెక్క సంగతి తమ వీలు వెంబడి చూడగలరు అని. వీలు వెంబడి అన్నారు కదా, ఆవిడకేం తొందర లేదు కాబోలు అనుకున్నాను."

పక్కన చిన్న బల్ల ముందు గుమాస్తా పట్టాభి కూర్చుని ఉన్నాడు. బల్ల మీద చెక్క దిమ్మకి బిగించిన ఇనప చువ్వ ఉంది, దానికి కొన్ని కాగితాలు గుచ్చి ఉన్నాయి. అతను తలెత్తకుండానే అన్నాడు: "ఇక్కడ చెల్లింపులన్నీ గురువారమేనండి. ఈ చువ్వకి ఏ కాగితం ఉంటే దాని డబ్బు ఇచ్చేస్తాను. ఈవిడ సరుకు వచ్చినట్టు నా పుస్తకంలో ఉంది. ఎంతకో లేదు, ఎప్పటికో లేదు. ఉత్తరం వస్తే నాకు చూపించాలి కదా, అయ్యగారు జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళిపోతారు."

"నువ్వు నన్ను తిట్టడానికి సందు దొరికితే చాలు కదయ్యా," అన్నారు సత్తిరాజు గారు.

"నాలుగింటికి పెట్టె కట్టేస్తాను. రేపు శుక్రవారం, లక్ష్మిని గడప దాటించం," అన్నాడు పట్టాభి, ఈసారి నూకరత్నం వంక చూసి.

మాస్టారు చెయ్యి చాపి అతని దగ్గర ఒక తెల్లకాగితం తీసుకుని శిష్యురాలి ముందు పెట్టారు. గడియారం మూడుంపావు చూపిస్తోంది.

నూకరత్నం కలం పట్టుకుని, అలవాటు ప్రకారం 'మహారాజశ్రీ గౌరవనీయులైన, సకల సద్గుణ సంపన్నులైన' అని మొదలుపెట్టింది. పట్టాభి మెడ చాచి చూసి, "అమ్మా, అయ్యగారి పేరు దాకా వచ్చేసరికే నాలుగు కొట్టేస్తుందండి," అన్నాడు. ఆవిడ సిగ్గుపడి ఆ కాగితం చించేసి ఇంకోటి తీసుకుంది. చాలాసేపు కలం కదలలేదు. పరాయివాళ్ళ సావిట్లో నిలబడి గొంతెత్తి అరవబోతున్నట్టుంది ఆవిడకి. పొయ్యి చుట్టూ కూర్చునే ఆరుగురూ కళ్ళలో మెదిలారు. వాళ్ళలో శనివారం కూలితోనే ఆదివారం బియ్యం కొనుక్కునేవాళ్ళు నలుగురు. రాసింది.

'సత్తిరాజు గారికి నూకరత్నం నమస్కారాలు. జూన్ తొమ్మిదిన ఆరు వందలు, జూలై రెండున అయిదు వందల ఇరవై, ఆగస్టు నాలుగున నాలుగు వందల యాభై పూతరేకులు పంపాను. మనం అనుకున్నట్టు ఒక్కొక్కటి ఇరవై రూపాయలు. మొత్తం ముప్పై ఒక్క వేల నాలుగు వందలు. పెళ్ళి ఆర్డరు కోసం రేపటికి నెయ్యి కొనాలి. ఈ డబ్బు ఈ రోజే ఇప్పించండి.'

కాగితం అందించి తల దించుకుంది. సత్తిరాజు గారు చదివారు. ఆయన మొహంలో కోపం కోసం వెతికిన నూకరత్నానికి అక్కడ కనిపించింది వేరు.

"అయ్యయ్యో! రేపటికి నెయ్యి లేకుండా పెట్టుకుని, మా అమ్మ మోకాళ్ళ గురించి అడుగుతూ కూర్చున్నారా! నన్నెంత పాపిష్టివాణ్ణి చేసేశారండి, రత్నం గారూ! ఊళ్ళో నలుగురూ వింటే సత్తిరాజు ఆడకూతురి సొమ్ము తొక్కిపెట్టాడనుకోరూ?"

పట్టాభి కాగితం అందుకుని తన పుస్తకంలో తేదీలతో సరిచూశాడు. చువ్వకి గుచ్చాడు. గుచ్చిన చేత్తోనే పెట్టె తెరిచి నోట్లు లెక్కపెట్టాడు. మూడు నెలలు పట్టిన పని పది నిమిషాల్లో అయిపోయింది. నోట్లు చేతిలో పడ్డాక కూడా నూకరత్నం కాసేపు అలాగే నిలబడింది. తరవాత గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి జూన్ నెలనించీ లోపలే ఉండిపోయినట్టుంది.

వాళ్ళు బయల్దేరబోతుంటే సత్తిరాజు గారు నసిగారు. "మరి... మా అమ్మకి ఈ నెల ఉత్తరం?"

నూకరత్నం పకపకా నవ్వేసింది. మళ్ళీ కూర్చుని ఇంకో కాగితం తీసుకుని, పెద్దావిడ మోకాళ్ళనీ, లంకలో కొత్తగా వేసిన కూరపాదులనీ, కురిసీ కురవని వాననీ కలిపి ఒక పేజీ నిండా రాసింది. ఈసారి చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"ఇందులో డబ్బు మాట లేదు కదండీ?" అన్నాడు పట్టాభి అనుమానంగా. "ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇంటికెళ్ళిందంటే ఇంక దేవుడి గూట్లోకే."

సాయంత్రం బస్సులో నూకరత్నం కాళ్ళ దగ్గర పదిహేను కిలోల నెయ్యి డబ్బాలు రెండున్నాయి. కండక్టరు లగేజీ కొట్టడానికి వస్తే మారు మాట్లాడకుండా డబ్బులిచ్చింది. శనివారం కూలికి తీసిపెట్టిన నోట్లు వేరే ముడి వేసుకుంది. బస్సు ధవళేశ్వరం ఆనకట్ట మీదికి ఎక్కాక, చల్లగాలి మొహానికి తగిలాక, మాట పెగిలింది.

"ఆయన మంచివాడే, మాస్టారూ. నేను మూడు నెలలు ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఆరు వరసలు రాస్తే పోయేదానికి, నిద్రలేకుండా కుమిలిపోయాను. ఇంత తేలికైన పని..."

"తేలికని ఎవరన్నారమ్మాయ్? అడగడం ఎంతటివాడికైనా కష్టమే," అన్నారు కామేశం మాస్టారు, కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ. బస్సు ఆనకట్ట సగం దాటింది. అప్పుడు అన్నారు:

"కాకపోతే, దోసిలి పట్టి దాని మీద కొంగు కప్పుకుంటే, పెడదామనుకున్నవాడు ఎక్కడ పెడతాడు?"